అమ్మకానికి లేని నేల

"వన్ ఆఫ్ సెవెంటీ ఎత్తేస్తే ఇక్కడ ఎకరం ఎంత పలుకుద్ది పెద్దాయనా?"

ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్లు ఏటికేడు ఎక్కువవుతున్నారు. సర్వే శాఖలో గొలుసు లాగి రిటైరైన మనిషిని కాబట్టి లెక్క నాకు తెలుస్తుందని వాళ్ల నమ్మకం. ఖమ్మం నుంచో, విజయవాడ నుంచో కారేసుకుని వస్తారు. దారిపొడుగునా మిరప తోటలు, పత్తి చేలు చూసుకుంటూ సారపాక దగ్గర వంతెన ఎక్కేసరికి లెక్కలు మొదలవుతాయి. ఇంత మంచి నేల ఇంత చవకా అని! నాకు ఒళ్లు మండుతుంది. మా రోజుల్లోనూ ఏజెన్సీ భూమి మీద కన్నేసినవాళ్లున్నారు, కాజేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లను వెనకేసుకురావడం లేదు నేను. కాని చట్టం ఒప్పుకోదు కాబట్టే చవగ్గా వస్తుంది, రేపు చట్టం పోతే పదింతలవుతుంది అని నిషేధాన్నే పెట్టుబడిగా చూసే బుద్ధి అప్పట్లో లేదు. దొంగతనం చేసేవాడు తలుపేసుకుని చేసేవాడు. ఇప్పుడు టీ కొట్టు దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని మాట్లాడుతున్నారు.

అడిగేవాళ్లలో సగం మందికి ఆ చట్టంలో ఏముందో తెలియదు. రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు అని ఒకటుంది. దాని కింద షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే మన ఏజెన్సీలో, భూమి చేతులు మారకుండా ఆపే అధికారం గవర్నరుకు ఉంది. ఆ అధికారంతో 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని బిగిస్తూ 1970లో మళ్లీ ఒకటో నంబరు సవరణ వచ్చింది, అదే జనం నోట్లో వన్ ఆఫ్ సెవెంటీ. 1970 ఫిబ్రవరి 3 నుంచి అది అమల్లో ఉంది. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, పినపాక, గుండాల మొదలుకుని ఇటు దమ్మపేట, అశ్వారావుపేట దాకా షెడ్యూల్డ్ ఊళ్లలో స్థిరాస్తి ఏదైనా సరే గిరిజనుడికో, గిరిజనులు మాత్రమే సభ్యులైన సహకార సంఘానికో తప్ప ఎవరికీ అమ్మడానికి లేదు. దానం, కౌలు, తాకట్టు, మార్పిడి, ఏదీ చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడు కానవసరం లేదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా ఆ కాగితం చిత్తు కాగితమే. వారసత్వంగా వచ్చేది వేరే సంగతి. గిరిజనుడి భూమి కొనడానికి గిరిజనుడెవరూ ముందుకు రాకపోతే ప్రభుత్వమే తీసుకుని డబ్బు కట్టాలి.

ఇందులో గుండెకాయ లాంటి మాట ఇంకొకటుంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే, అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ భూమి పట్టుకున్నవాడు. మామూలు కోర్టుల్లో అడిగినవాడే రుజువు చూపాలి కదా, ఇక్కడ తిరగేశారు. ఎందుకు తిరగేశారో గూడేల్లో తిరిగినవాడికి చెప్పనక్కర్లేదు. కోయవాడి దగ్గర కాగితం ఎక్కడుంది? కాగితమంతా అవతలివాడి పెట్టెలోనే ఉంది.

నేను నౌకరీలో చేరింది ఈ సవరణ వచ్చిన కొత్తల్లో. గోదావరికి ఇవతలి బూర్గంపాడు ఒకప్పుడు నిజాం రాజ్యం. అవతలి భద్రాచలం, నూగూరు తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీ. వాటిలో భద్రాచలం 1874 దాకా మధ్య పరగణాల్లో ఉండి తర్వాత గోదావరి జిల్లాకు వచ్చింది, నూగూరు ఇంకా తర్వాత వచ్చింది. రెండూ 1959లో ఖమ్మం జిల్లాలో కలిశాయి. ఒకే నౌకరీలో ఇటు పహాణీలూ టిప్పన్లూ గుంటలూ, అటు అడంగళ్లూ ఎఫ్.ఎం.బి.లూ సెంట్లూ నేర్చుకోవాల్సి వచ్చింది మాకు. ఏటి నీళ్లు ఒకటే, ఒడ్డునున్న కోయలూ ఒకటే, వాళ్ల పెళ్లిళ్లు అటూ ఇటూ జరిగేవి. లెక్కల పుస్తకాలు మాత్రం రెండు.

చట్టం కూడా రెండు దారుల్లో వచ్చింది. అవతలి ఒడ్డున 1917లోనే మద్రాసు సర్కారు ఏజెన్సీ భూముల చట్టం చేసింది. కొండజాతివాడు బయటివాడికి భూమి రాసిస్తే, ఏజెంటు దొర రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప చెల్లదన్నారు. ఇవతల నిజాం రాజ్యంలో అలాంటిదేమీ లేదు. 1940లో జోడేఘాట్ దగ్గర తిరగబడ్డ గోండు వీరుడు కొమరం భీమ్‌ను చంపాక గాని సర్కారుకు కళ్లు తెరుచుకోలేదు. హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ని పిలిపించుకున్నారు. పాపికొండల రెడ్ల మధ్య తిరిగి పుస్తకం రాసినాయన ఆయనే. ఆయన నివేదికల తర్వాత ఇటూ గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. 1963 డిసెంబరు నుంచి 1959 నాటి ఆంధ్ర రెగ్యులేషన్‌నే తెలంగాణ వైపుకూ వర్తింపజేశారు. అంటే, ఎవరో ఓట్ల కోసం నిన్నగాక మొన్న తెచ్చిన చట్టం కాదిది. నూరేళ్లు దాటిన ఆలోచన. తెల్లదొరకూ నవాబుకూ, ఆ తర్వాత మన ప్రభుత్వానికీ విడివిడిగా ఒకే సంగతి అర్థమైంది. అడవి అంచున భూమిని అంగట్లో పెడితే పదేళ్లలో కోయవాడి చేతిలో సెంటు కూడా మిగలదని.

ఎలా మిగలదో నేను చూశాను. మా రోజులు బంగారు రోజులని చెప్పడానికి నాకు నోరు రాదు. వానకాలం మొదట్లో గూడెంలో గింజ ఉండదు. షావుకారు నాగుకిచ్చేవాడు. ఒక బస్తా తీసుకుంటే కోతలకు బస్తాన్నర కొలవాలి. ఆ ఏడు పంట రాలేదంటే బాకీ మీద బాకీ. మూడో ఏడు షావుకారు కల్లంలోకి కాక నేరుగా చేలోకే వచ్చేవాడు. లంకల్లో పొగాకు వేయడానికి కింది జిల్లాల రైతులు వచ్చారు. మొదట ఒక పంటకు కౌలు అన్నారు, తర్వాత బేరన్ కట్టారు, బేరన్ పక్కన ఇల్లు కట్టారు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు భద్రాచలం వంతెన ప్రారంభించారు. అంతకు ముందు పడవ మీద, లాంచీ మీద దాటాలి. వానకాలంలో దాటడమే గండం. వంతెన రావడం ఎవరికి ఇష్టముండదు? భక్తులకు మేలు, రోగులకు మేలు. కాని లారీ వెళ్లగలిగిన ప్రతి చోటికీ బేరగాడూ వెళ్లాడు. వంతెన వచ్చిన అయిదేళ్లకు 1/70 రావడం నాకెప్పుడూ కాకతాళీయంగా అనిపించలేదు.

మహల్ గ్రామాల పద్ధతి రద్దుచేసి రైత్వారీ పట్టాలివ్వడానికి 1969, 1970ల్లో రెగ్యులేషన్లు వచ్చాయి. అవతలి ఒడ్డున చాలా ఊళ్లకు సర్వే రాళ్లు పడింది ఆ తర్వాతే. అప్పుడు జరిగిందీ చెబుతాను. సర్వే పార్టీ ఊళ్లోకి వస్తుందని దండోరా వేస్తారు. దండోరా తెలుగులో. గూడెంలో సగం మందికి కోయభాష తప్ప రాదు. పైగా అది ఇప్పపువ్వు కాలమో, తునికాకు కాలమో అయితే ఇంటిల్లిపాదీ అడవిలోనే. సర్వే రాయి దగ్గర నిలబడి ఉండేది ఎవరు? మాకు మజ్జిగ తెచ్చినవాడు, మధ్యాహ్నం భోజనం పెట్టినవాడు. అనుభవదారు కాలమ్‌లో వాడి పేరే ఎక్కేది. ఒక కోయ పెద్ద మాత్రం మా గొలుసు వెంబడి పొద్దుటినుంచి నడిచాడు. "ఆ ఇప్పచెట్టు కాణ్నుంచి వాగు మలుపు దాకా మా తాత కొట్టిన పోడు సర్వేరు బాబూ, ఆడ రాయిలో మా పెద్దల పాతు ఉంది చూడు" అని చూపించాడు. చనిపోయినవాళ్ల పేర నిలబెట్టిన రాయి అది. మా పటంలో అలాంటి రాయికి గుర్తు లేదు. "దొరా, శిస్తు రసీదు ఏమన్నా ఉందా?" అని మా పైవాడు అడిగాడు. లేదన్నాడు ఆయన. శిస్తు కట్టింది ఆయనే, ముత్యాలమ్మ జాతర నాడు షావుకారు చేతికిచ్చి కట్టించాడు. రసీదు షావుకారు పేర ఉంది.

ఇలాంటివి చూశాక ఆ చట్టం అంత కటువుగా ఎందుకుండాలో నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేకపోయింది. గిరిజనేతరులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. మాకూ మాకూ మధ్య అమ్ముకోవడం కూడా ఆపడం ఏం న్యాయమని అడిగారు. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఆ రెగ్యులేషన్‌ను నిలబెట్టింది. ఆ తర్వాత 1997లో సమత కేసు. అది మన జిల్లాది కాదు, విశాఖ మన్యంలో బొర్రా దగ్గరి గనుల గొడవ. అందులో కోర్టు ఇంకో మెట్టు పైకి వెళ్లింది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతర కంపెనీకి లీజుకివ్వకూడదంది. ఈ తీర్పు కోసం నడిచినవాళ్లు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థవాళ్లు. వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను.

మరి చట్టం అంత గట్టిదైతే, ఏజెన్సీలో మంచి భూమిలో అంత భాగం గిరిజనేతరుల చేతిలో ఎందుకుంది? ఈ ప్రశ్న అడగాలి. అది వదిలి రేటు అడుగుతారు.

మా రోజుల్లో ఎత్తుగడలు మూడే. పాత తేదీ వేసిన తెల్లకాగితం ఒకటి. 1970కి ముందు కొన్నట్టు, ఇవతలి ఒడ్డునైతే 1963కు ముందే కొన్నట్టు రాసుకోవడం. స్టాంపు కాగితానికి పొగ పెట్టి, మడతలు పెట్టి ముసలిదాన్ని చేసేవాళ్లు. రెండోది, ఇంట్లో జీతమున్న కోయ కుర్రాడి పేర పట్టా పెట్టడం. పట్టా ఆ కుర్రాడిది, పంట దొరగారిది. మూడోది చెప్పడానికి సిగ్గేస్తుంది, కోయ పిల్లను చేరదీసి ఆమె పేర కొనడం. ఆ తల్లి పిల్లలకు తండ్రి ఇంటి భోగం దక్కేది కాదు, తల్లి గూడెం మర్యాదా దక్కేది కాదు. వీటి మీద ఎల్టీఆర్, అంటే భూబదిలీ రెగ్యులేషన్, కేసులు పడేవి. స్పెషల్ డిప్యూటీ కలెక్టరు విచారించి భూమి గిరిజనుడికి తిరిగిమ్మని ఉత్తర్వు ఇచ్చేవాడు. అప్పీలు ఏజెంటుకు, అంటే కలెక్టరుకు. ఆ పైన ప్రభుత్వానికి రివిజన్, హైకోర్టులో రిట్టు, స్టే. ఇంతలో తరం మారేది. ఉత్తర్వు అమలు చేయడానికి పంచనామా రాసి, నాగలి కట్టించి, ఫోటో తీసి వచ్చేవాళ్లు. మర్నాడు పొద్దున ఆ చేలో పాత నాగలే తిరిగేది. 1978లో దీన్ని నేరంగా చేసి, రిజిస్ట్రేషన్ కూడా ఆపి, ఏడాది దాకా కఠిన జైలుశిక్ష వేయొచ్చని సవరించారు. ఆ శిక్షపడి జైలుకెళ్లిన మోతుబరిని నా నౌకరీలో నేను చూడలేదు.

అయినా అప్పట్లో ఒక జంకు ఉండేది. అమీను వస్తున్నాడంటే, గిరిజనాభివృద్ధి ప్రాజెక్టు ఆఫీసరు గారి జీపు కనబడిందంటే కౌలుదారు గట్టు దిగి పక్కకు పోయేవాడు. ఊళ్లో ఒకరిద్దరు మాస్టర్లు, సంఘాలవాళ్లు ఎవడి దగ్గర ఏ గూడెం భూమి ఉందో నోటికి చెప్పేవారు. కోయవాడి భూమి తిన్నవాడనే మాట పిల్ల పెళ్లి మాట్లాడేటప్పుడు అడ్డొచ్చేది. ఇప్పుడా మాటకు సిగ్గుపడేవాడేడి? దమ్మపేట, అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలు చూడండి. సారపాక కాగితం మిల్లు కోసం వేసిన జామాయిల్ చూడండి. ఏళ్ల తరబడి నిలిచే తోట అంటే ఏళ్ల తరబడి కబ్జా. ఒక పంట కౌలు ఎప్పుడన్నా ఖాళీ చేయించొచ్చు. పామాయిల్ మొక్క నాటినవాడు పాతికేళ్లకు రాయించుకున్నట్టే. చర్ల, వెంకటాపురం వైపు మిరప. గుంటూరు నుంచి వచ్చి ఊరు ఊరంతా కౌలుకు పడతారు. కౌలు డబ్బు ముందే చేతిలో పోస్తారు, కోయ రైతు తన చేలోనే కాయ కోత కూలీకి వెళ్తాడు. పురుగుమందు డబ్బాలు వాగులో తేలుతుంటాయి. చట్టం ప్రకారం కౌలు కూడా బదిలీయే. ఎవరడుగుతున్నారు?

ఇప్పుడు కొత్తగా ఇంకో రకం వచ్చింది. ఊళ్ల చివర రాళ్లు పాతి, ఎర్రమట్టి రోడ్డు వేసి, ప్లాట్లని పేరు పెట్టి నోటరీ కాగితం మీద అమ్ముతున్నారు. నోటరీ ముద్ర ఎంత గుండ్రంగా ఉన్నా ఏజెన్సీలో దానికి చెల్లుబాటు లేదు. కొనేవాడికి ఆ సంగతి తెలుసు. తెలిసే కొంటున్నాడు, రేపు చట్టం పోతుందని.

పరాయి దేశాల్లో ఇలాంటి చట్టం ఉంటుందా, మన దగ్గరే ఈ వెనకబాటు అనేవాళ్లకు కొన్ని సంగతులు చెప్పాలి. ముందు ఫిజీ. 1879 నుంచి అక్కడికి మనవాళ్లను చెరుకు తోటల కూలీలుగా పంపారు. 1903 నుంచి మద్రాసు రేవు గుండా తెలుగువాళ్లూ వెళ్లారు, వాళ్ల మనవలు మునిమనవలు ఇవాళా ఉన్నారు. ఆ దీవుల్లో నూటికి ఎనభై అయిదుకు పైగా భూమి అక్కడి ఆదివాసుల తెగలది. అమ్మకానికి లేదు. కౌలుకు మాత్రమే ఇస్తారు. తాతల నాటి నుంచి చెరుకు పండించిన కుటుంబాలకు 1997 నుంచి వరసగా కౌళ్ల గడువులు తీరడం మొదలైంది. మళ్లీ ఇవ్వనివాళ్లకు ఇల్లూ చేనూ వదిలి పోక తప్పలేదు. మనవాళ్ల కన్నీళ్లు నాకూ కన్నీళ్లే. పక్కా కౌలు చట్టం, న్యాయమైన పరిహారం ఉండాల్సిందే. కాని ఆ చట్టమే లేకపోతే ఫిజీ ఆదివాసికి ఇవాళ సొంత ఊరంటూ ఉండేదా? హవాయి దీవుల్లో భూమిని అంగట్లో పెట్టాక అక్కడివాళ్ల గతి ఏమైందో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు.

గల్ఫ్ దేశాలకు మనవాళ్లు వెళ్లి అరవై ఏళ్లు దగ్గర పడుతోంది. దుబాయిలో పరాయి దేశస్థుడు ఇల్లు సొంతంగా కొనుక్కోవచ్చని మాట వచ్చింది 2002లో. అదీ వాళ్లు గీత గీసి చూపించిన పేటల్లోనే. దానికి ముందు ముప్పై ఏళ్లు అక్కడ చెమటోడ్చినవాడు కూడా అద్దె ఇంట్లోనే ఉన్నాడు. ఎవడూ ధర్నా చెయ్యలేదు. కెనడా 2023 జనవరి నుంచి పరదేశీయులు ఇళ్లు కొనకూడదంది. మెక్సికోలో సముద్రానికి 50 కిలోమీటర్ల లోపు, సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు పరదేశీయుడి పేర భూమి నేరుగా రాయరు. అంతదూరం దేనికి, హిమాచల్ ప్రదేశ్‌లో 1972 చట్టం 118వ సెక్షను కింద బయటి రాష్ట్రంవాడు సర్కారు అనుమతి లేకుండా సాగుభూమి కొనలేడు. అమెరికాలో స్థిరపడిన మన అబ్బాయి ఊళ్లో నాన్నగారి పొలం పక్క పొలం కొందామన్నా మన ఫెమా చట్టం ఒప్పుకోదు. ఇవన్నీ విని తలూపుతారు. భద్రాచలం దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రాథమిక హక్కు గుర్తొస్తుంది. ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితాలోంచి 1978 నాటి 44వ సవరణతోనే పోయిందని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

భూమి మీద ఆంక్ష ప్రతిదీ మంచిదని అనడం లేదు. దక్షిణాఫ్రికాలో 1913 చట్టం నల్లవాళ్లను వాళ్ల నేల మీంచే గెంటేసింది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం డర్బనులో మనవాళ్ల పేటలను లేవగొట్టింది. ఆ ఊళ్లో 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్న తెలుగువాళ్లున్నారు. కాలిఫోర్నియాలో 1913లో పౌరసత్వానికి అర్హత లేని ఆసియావాళ్లు పొలం కొనకూడదన్నారు. జపానువాళ్ల మీద పెట్టిన చట్టం 1923 తర్వాత మన పంజాబు రైతులకూ తగిలింది. వాళ్లు తెలిసిన అమెరికావాళ్ల పేరనో, అక్కడే పుట్టిన పిల్లల పేరనో భూమి పెట్టుకుని దున్నుకున్నారు. అదీ బినామీయే. కాని ఆ బినామీకీ అశ్వారావుపేట బినామీకీ నేను ఒకే పేరు పెట్టలేను. అక్కడ చట్టం బలవంతుడి కోసం బలహీనుడి చెయ్యి కట్టేసింది. ఇక్కడ బలహీనుడి కోసం బలవంతుడి చెయ్యి కట్టింది. ఆంక్ష ఎవరి చేతికి వేశారన్నది చూడకుండా ఆంక్షలన్నీ ఒకటేననడం అన్యాయం.

ఇంకా మింగుడు పడని సంగతి వేరే ఉంది. చిన్న మోతుబరి ఎకరాల్లో తింటే సర్కారు మండలాల్లో తింటుంది. పోలవరం కోసం 2014లో మన జిల్లా నుంచి ఏడు మండలాల భూభాగం ఆంధ్రలో కలిపారు. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, బూర్గంపాడులో కొంత, పట్టణం తప్ప భద్రాచలం మండలం. రాముడి గుడి ఇటు, ఆ రాముడి మాన్యం ఏటపాక పక్కన పురుషోత్తపట్నంలో అటు. దేవుడికే దిక్కులేకపోయింది, కోయలను ఎవరడుగుతారు? అమ్మకూడదని నూరేళ్లు కాపాడిన భూమిని ప్రాజెక్టు పేర ఒక్క నోటిఫికేషన్‌తో తీసుకున్నారు. భూమికి భూమి అన్నారు. అడవీ వాగూ పక్కనున్న భూమికి, ఎక్కడో కాలనీ వెనకాల ఇచ్చిన భూమికి పోలికుందా?

పోడు సంగతీ అంతే. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న పోడుకు గరిష్ఠంగా నాలుగు హెక్టార్ల దాకా హక్కు ఇచ్చింది. ఆ పట్టా వారసులకు వస్తుంది, అమ్మడానికి లేదు, భార్యాభర్తల ఇద్దరి పేర్లా ఉండాలి. మంచి చట్టం. తెలంగాణలో 2023లో నాలుగు లక్షల ఎకరాల దాకా పోడు పట్టాలు పంచారు, మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు పెద్ద వాటా వచ్చింది. అంతకు ముందు ఎన్ని కందకాలు తవ్వారో, హరితహారం మొక్కల పేర ఎన్ని జొన్నచేలు దున్నేశారో గూడేలకు గుర్తుంది. ఆ గొడవల్లో 2022 నవంబరులో చండ్రుగొండ అడవిలో ఒక రేంజ్ అధికారి ప్రాణమే పోయింది. ఉద్యోగం చేసుకునే మనిషి చనిపోవడం, ఛత్తీస్‌గఢ్ నుంచి సల్వాజుడుం కాలంలో పారిపోయి వచ్చిన గుత్తికోయలు ఏ జాబితాలోనూ లేకుండా అడవిలో బతకడం, రెండూ నా మనసుకు బాధే. ఇప్పుడు ఆ కొత్త పోడు పట్టాల మీద కూడా కౌలు బేరగాళ్లు తిరుగుతున్నారు. పట్టా ప్లాస్టిక్ కవరు ఇంకా మెరుస్తుండగానే!

1976లో తెలంగాణలో లంబాడీలను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చాక కోయలకూ వాళ్లకూ మధ్య మరో తగువు పుట్టింది. లంబాడీ రైతు కోయ భూమి కొంటే చట్టానికి అభ్యంతరం లేదు. మైదానం నుంచి వచ్చి కొన్నారని కోయల బాధ, మేమూ పేదవాళ్లమే కదా అని లంబాడీల మాట. రెండు మాటల్లోనూ నిజముంది. తెగలన్నిటికీ ఒకే గంప కప్పిన చట్టం ఆ తగువు తీర్చలేదు. ఊరి గ్రామసభ తీర్చగలదేమో.

నేనూ గిరిజనేతరుణ్నే. నేనుండే ఇల్లు ఏజెన్సీ ఊళ్లోనే ఉంది, దానికి రిజిస్ట్రేషన్ లేదు, బ్యాంకు అప్పివ్వదు. ఈ ఊళ్లలో తాతముత్తాతల నాటి నుంచి ఉన్న చాకలి, మంగలి, కుమ్మరి, మాల మాదిగ కుటుంబాలున్నాయి. రెండెకరాలు దున్నుకుంటూ, రైతుబంధు ఉన్నన్నాళ్లూ అది అందని చిన్న రైతులున్నారు. వాళ్ల కష్టం నిజం. వాళ్ల ఇంటి జాగాకు భద్రత కావాలి, ఖాళీ చేయించరన్న హామీ కావాలి, పంట రుణం కావాలి. కాని వాళ్లను ముందు నిలబెట్టి వెనకనుంచి వందల ఎకరాల పామాయిల్ ఆసామి చట్టం రద్దు కోరితే నేనొప్పుకోను. పేదవాడి ఇంటి జాగాకు దారి చూపడానికి అడవి అంచునున్న పొలమంతా వేలం వేయక్కర్లేదు.

షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం అన్యాక్రాంతమైన గిరిజన భూమిని తిరిగి ఇప్పించే అధికారం గ్రామసభకు ఇమ్మంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో దానికి నియమాలూ వచ్చాయి. కొత్తగా చట్టమేదీ అక్కర్లేదు. ఎల్టీఆర్ కేసుల్లో గిరిజనుడికి అనుకూలంగా వచ్చి అమలు కాని ఉత్తర్వులన్నీ తీసి, సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరి సాగులో ఉందో రాసి, ఆ ఊరి గ్రామసభలో తెలుగులోనూ కోయభాషలోనూ చదివించాలి. భూరికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చినా, కంప్యూటర్లో ఎక్కింది పాత రాతే. దాన్ని పాత టిప్పన్‌తో, ఎఫ్.ఎం.బి.తో పక్కపక్కన పెట్టి చూస్తే ఏ గట్టు ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది. ఆ గొలుసు లింకుల లెక్కలు, ఆ ఉర్దూ అంకెలు చదవగలిగినవాళ్లు ఈ తాలూకాల్లో ఇంకా కొద్దిమందిమి ఉన్నాం. గ్రామసభ పిలిస్తే, మంచం మీదున్నవాళ్లు తప్ప, అందరం వస్తాం.